ఎల్సీ తీసుకున్నాకే మీట లాగు

మాచర్ల,
ఆదివారం

చి. చిట్టితల్లికి,

మీ అమ్మమ్మ మోకాళ్లు చలికి మొరాయిస్తున్నాయి గానీ నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. పొలాల్లో మిరపకాయ ఎర్రబడింది. కూలీల కోసం చీకటితోనే ఆటోలు తిరుగుతున్నాయి. నువ్వు వేళకు తింటున్నావా లేదా అన్నది ఆమె అడగమన్న ప్రశ్న. దానికి జవాబు ఆమెకే చెప్పు. నేను రాయదలచుకున్నది వేరే ఉంది.

మొన్న రాత్రి ఫోన్లో నీకు ఏమీ చెప్పలేదు. ఏడుస్తున్న మనిషికి డిస్కు గురించి పాఠం చెబితే తలకెక్కదు. పైగా నువ్వు, "వంద శాతం అయిందని చూపించాకే తీశాను తాతయ్యా, ఇందులో నా తప్పేముంది?" అని అడిగావు. దానికి రెండు ముక్కల్లో జవాబు రాదు. నువ్వు అబద్ధం చెప్పలేదు. యంత్రం కూడా పూర్తిగా అబద్ధం చెప్పలేదు. మధ్యలో ఏం జరిగిందో నిదానంగా రాస్తాను, నువ్వూ నిదానంగా చదువు.

నాకు అర్థమైనంత వరకు జరిగింది ఇదీ, తప్పుంటే దిద్దు. కారెంపూడి వీరుల తిరునాళ్లకు ఐదు రోజులూ వెళ్లావు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో ఫోల్డరు పెట్టుకున్నావు. నేనిచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్ 200ని దాని అల్ట్రాబేస్ మీద కూర్చోబెట్టి, ఆ బేస్ అరలో ఉన్న రెండో డిస్కులోకి కెమెరా కార్డులోవన్నీ ఒక్కో రోజువి కాపీ చేశావు. చివరి ఫోల్డరుకి గీత నిండగానే కార్డు ఫార్మాట్ చేశావు. బస్సుకు టైమవుతోందని అర మీట లాగి, డిస్కు తీసి సంచిలో వేసుకున్నావు. హాస్టల్లో పెట్టి చూస్తే నాలుగు రోజుల ఫొటోలూ ఉన్నాయి. కళ్లిపాడు ఫోల్డరులో పేర్లన్నీ ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా సైజు సున్నా.

ఆ సున్నాలోనే కథంతా ఉంది.

మిర్చి యార్డుకి నాతో చాలాసార్లు వచ్చావు కదా. గేటు దగ్గర గుమాస్తా పుస్తకంలో రైతు పేరు రాసుకుంటాడు. టిక్కీలు దిగి, లెక్కపెట్టాక పక్క గడి నింపుతాడు. పేరు రాసినంత మాత్రాన సరుకు వచ్చినట్టు కాదు. లారీ ఇంకా రోడ్డు మీదే ఉండొచ్చు. లినక్స్ కూడా డిస్కు విషయంలో అలాగే చేస్తుంది. నువ్వు కాపీ కొట్టిన ఫైలు నేరుగా డిస్కులోకి పోదు. ముందు ర్యామ్‌లో దిగుతుంది. అక్కడికి చేరగానే నీ తెర మీద గీత నిండుతుంది. అక్కణ్ణించి డిస్కుకు చేర్చే పని కెర్నెల్ తన వీలు చూసుకుని చేస్తుంది. మామూలుగా ఐదు సెకన్లకోసారి లేచి చూస్తుంది, ముప్పై సెకన్లు దాటి నిలవున్న సరుకును డిస్కుకు తోలుతుంది. ర్యామ్‌లో నిలవ మరీ పెరిగితే ముందే తోలడం మొదలుపెడుతుంది.

ఇలా ఎందుకంటావా? ఒక్కో పత్తి బోరానికి ఒక్కో ట్రాక్టరు కట్టి జిన్నింగు మిల్లుకి పంపుతామా? ట్రక్కు నిండాకే పంపుతాం. డిస్కు పని కూడా అంతే. చిన్న చిన్న ముక్కలు రాయడానికి డిస్కులో రాసే తల అటూ ఇటూ పరిగెత్తాల్సి వస్తుంది, పోగేసి ఒకేసారి రాస్తే గబగబా అయిపోతుంది. నీ డిస్కులో ఉన్న ఈఎక్స్‌టీ4 పద్ధతి ఇంకో అడుగు ముందుకేసింది. ఫైలు పేరును జర్నల్ అనే చిట్టాలో తొందరగానే ఎక్కిస్తుంది. లోపలి సరుకుకు డిస్కు మీద చోటు కేటాయించడం మాత్రం, తోలే క్షణం వరకు వాయిదా వేస్తుంది. ముందు నాలుగు రోజుల ఫొటోలకు తోలే టైము దొరికింది. కళ్లిపాడు ఫొటోల పేర్లు చిట్టాకెక్కాయి, సరుకు ఇంకా ర్యామ్‌లో ఉండగానే నువ్వు మీట లాగావు. గమ్యమే లేని సరుకును కెర్నెల్ ఏం చేసుకుంటుంది? తప్పు జరిగిందని తన లాగ్‌లో నాలుగు వరుసలు రాసి పారేసింది. అందుకే పేర్లున్నాయి, పక్కన సున్నాలున్నాయి.

ఇదంతా నాకు కంప్యూటర్ పుస్తకాల్లో చదివితే ఎక్కలేదు. స్తంభాలెక్కిన పనివల్ల ఎక్కింది. ముప్పై ఏళ్లకు పైగా కరెంటు లైన్ల మీద పనిచేసినవాణ్ణి. మాకు ఎల్సీ అని ఒక మాటుంది. లైన్ క్లియర్ అన్నమాట. చిన్నప్పుడు నువ్వు "తాతయ్యకి ఎల్సీ వచ్చిందా" అని ఆటగా అడిగేదానివి, అదే. తీగ మీద చెయ్యి వేయాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఫలానా ఫీడరుకి ఎల్సీ కావాలని అడగాలి. అతను బ్రేకర్ తీసి, ఐసోలేటర్ విప్పి, పుస్తకంలో టైమూ అడిగినవాడి పేరూ రాసుకుని, ఎల్సీ ఇచ్చానని చెబుతాడు. అప్పుడు మేం ఏబీ స్విచ్ విప్పి, లైనును పరీక్షించి, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించి, ఆ తర్వాతే పైకి ఎక్కాలి.

కొత్తగా చేరిన రోజుల్లో గురజాల దారిలో ఒక గాలివాన రాత్రి, పడిపోయిన లైను దగ్గర నేను ఉన్నాను. ఆపరేటర్ "ఆఫ్ చేశా" అన్నాడు. నిజంగానే చేశాడు. నేను నిచ్చెన వేశాను. మా లైన్ ఇన్‌స్పెక్టర్ నా భుజం పట్టుకుని వెనక్కి లాగి, డిశ్చార్జి రాడ్డు తీగకు తగిలించారు. చిటపటమని నిప్పురవ్వ లేచింది. పక్కనే వెళ్తున్న 33 కేవీ లైను ప్రభావంతో మా ఆఫ్ చేసిన తీగలో ఛార్జి పుట్టి కూర్చుంది. ఆయన నన్ను తిట్టలేదు. "ఆఫ్ చేయడం వేరు, ఖాళీ చేయడం వేరు రా అబ్బాయ్" అన్నారు. అంతే. మిగతా సర్వీసంతా ఆ ఒక్క మాట మీదే బతికాను.

నువ్వు తీసే డిస్కు కూడా ఆ తీగ లాంటిదే. పైకి చూస్తే పని ఆగిపోయినట్టుంటుంది, లోపల నిలవ ఉంటుంది. ఆ నిలవ కూడా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ర్యామ్‌లో, ఇందాక చెప్పాను. రెండోది డిస్కు సొంత ఒళ్లో. ప్రతి డిస్కుకూ కొన్ని మెగాబైట్ల చిన్న జ్ఞాపకం ఉంటుంది. కెర్నెల్ ఇచ్చిన సరుకును కూడా అది కాసేపు ఒడిలో పెట్టుకుని, తర్వాతే లోపల తిరిగే పళ్లెం మీద రాస్తుంది. రెండూ ఖాళీ అయ్యాయని తెలిసేదాకా మీట జోలికి పోకూడదు.

నువ్వు అడగబోయే మాట నాకు తెలుసు. "మరి ఆ అరలో డిస్కును హాట్ స్వాప్ చేయొచ్చంటారు కదా, కంప్యూటర్ ఆపకుండా తీయొచ్చనే కదా దానర్థం?" అవును, తీయొచ్చు. ఆ మాటలో ఉన్న భరోసా ఏమిటో, లేనిది ఏమిటో చూద్దాం.

సాటా డిస్కు వెనక రెండు నాలుకలుంటాయి. ఒకటి 7 కాళ్లది, సమాచారానికి. ఇంకొకటి 15 కాళ్లది, కరెంటుకు. ఒకసారి భూతద్దం పెట్టి చూడు, ఆ కాళ్లన్నీ ఒకే పొడవు ఉండవు. ఎర్త్‌కు సంబంధించినవి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. డిస్కు లోపలికి పోతున్నప్పుడు ముందు అవే కలుస్తాయి, బయటికి వస్తున్నప్పుడు చివర విడిపోతాయి. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె మూడు కాళ్ల ప్లగ్గు చూడు, అందులోనూ ఎర్త్ కాలే లావు, పొడవు. మేం ఎర్త్ రాడ్డు తగిలించేటప్పుడు కూడా ముందు భూమికి, ఆ తర్వాత తీగకు. తీసేటప్పుడు ముందు తీగ, చివర భూమి. ఈ మూడింటినీ చేసినవాళ్లు ఒకరినొకరు ఎరగరు, అయినా పద్ధతి ఒకటే. దానివల్ల నువ్వు డిస్కును కరెంటు ఉండగా తీసినా సర్క్యూట్ కాలదు. హాట్ స్వాప్ అన్న మాట ఇచ్చే భరోసా అక్కడికే. నీ యంత్రం ఒంటికి దెబ్బ తగలదని అది చెబుతుంది. నీ కళ్లిపాడు ఫొటోల గురించి అది ఏ హామీ ఇవ్వలేదు.

లినక్స్‌కి ఈ విద్య పుట్టుకతో రాలేదు. పాత థింక్‌ప్యాడ్ల అరల్లో సాటాకి ముందుతరం ఐడీఈ డిస్కులుండేవి. ఆ తీగల పద్ధతి కరెంటు ఉండగా తీయడానికి తయారైందే కాదు. 2006లో రెండు పనులు జరిగాయి. తేజున్ హో అనే ఆయన కెర్నెల్లోని లిబాటా భాగానికి, నడుస్తుండగా వచ్చే డిస్కునూ పోయే డిస్కునూ గుర్తుపట్టే నేర్పు పెట్టారు. ఇంటెల్‌లో పనిచేసే క్రిస్టెన్ కార్ల్‌సన్ అకార్డీ, లాప్‌టాప్ డాకింగ్ స్టేషన్ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ కెర్నెల్‌కి తెలిసేలా డాక్ డ్రైవర్ రాశారు. కెర్నెల్ పనిలో ఆడవాళ్లు కనిపించరని నువ్వు ఒకసారి అన్నావు, అందుకని ఆ పేరు ప్రత్యేకంగా రాస్తున్నాను. నీ బల్ల మీద ఉన్న యంత్రానికి ఆమె పని కూడా ఆధారమే.

ఇక మీట సంగతి. అది ఒట్టి ప్లాస్టిక్ ముక్క కాదు. కదిలించగానే "దీన్ని తీయబోతున్నారు" అని కెర్నెల్‌కి కబురు పోతుంది. కెర్నెల్ దాన్ని యూడెవ్ అనే గుమాస్తాకి బే ఈవెంట్ 3 అని అందిస్తుంది. మూడో నెంబరంటే తీస్తానని అడగడం. ఆ కబురు విని ఏం చేయాలో చెప్పే నియమం మాత్రం మనమే రాసి పెట్టాలి. రాయకపోతే ఆ కబురు, మనిషి లేని సబ్‌స్టేషన్లో మోగే ఫోన్ లాంటిది. మోగుతుంది, ఆగిపోతుంది. మీటకు అడ్డుపడే గొళ్లెం కూడా లేదు, లాగితే వచ్చేస్తుంది. నేనే ఆ నియమం రాసి నీకు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. కాబట్టి తప్పులో నా వాటా కూడా వేసుకో.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. కమాండ్లు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి గనుక, వాటిని ఇంగ్లీషులో వేరే చీటీ మీద రాసి కవర్లో పెట్టాను. ఇక్కడ ఏది ఎందుకో రాస్తున్నాను. ఎందుకో తెలిస్తే చీటీ పోయినా పని ఆగదు.

ముందు ఏ ఫీడరో గుర్తించు. మా పనిలో జరిగే ఘోరాలకు పెద్ద కారణం, ఒక ఫీడరుకి ఎల్సీ తీసుకుని ఇంకో ఫీడరు స్తంభం ఎక్కడం. నీకు డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని కనిపిస్తాయి. అవి జన్మ పేర్లు కావు, వచ్చిన వరసను బట్టి ఇచ్చే టోకెన్లు. నిన్న ఎస్‌డీబీ అన్నది, ఈరోజు తీసి పెడితే ఎస్‌డీసీ కావొచ్చు. కొత్తల్లో నేనే ఎస్‌డీబీ అనుకుని అరలో డిస్కుకు బదులు పెన్‌డ్రైవ్‌ను తెంపేశాను. ఫైళ్లు పోలేదు, పరువు పోయింది, మీ అమ్మమ్మ పక్కనే కూర్చుని ఉంది. అందుకని ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజూ, మోడలూ, సీరియల్ నెంబరూ చూడు. డిస్కు మీద ఆ సీరియల్ నెంబరు నేను మార్కర్‌తో రాసే పంపాను. పేరు నమ్మకు, లైను చూసి ఎక్కు.

తర్వాత పైన మనుషులెవరన్నా ఉన్నారేమో చూడు. పాటల ప్లేయరు ఆ డిస్కులో పాట పాడుతూ ఉండొచ్చు. నీ టెర్మినల్ కిటికీ ఆ ఫోల్డరులోనే నిలబడి ఉండొచ్చు. అలాంటప్పుడు అన్‌మౌంట్ చేయబోతే "టార్గెట్ ఈజ్ బిజీ" అని తిరగబడుతుంది. ఎవరు పట్టుకున్నారో ఎల్‌ఎస్‌ఓఎఫ్ చెబుతుంది, వాళ్లను దింపు. ఇక్కడే ఒక దొంగదారి ఉంది, ఎవరో ఒకరు నీకు నేర్పుతారు. అన్‌మౌంట్ కమాండుకు ఎల్ అనే అక్షరం తగిలిస్తే, బిజీగా ఉన్నా సరే పేరు తీసేసి మౌనంగా ఊరుకుంటుంది. కానీ లోపల పట్టుకున్నవాళ్లు పట్టుకునే ఉంటారు. అది హెచ్చరిక బోర్డు పీకేసి లైను ఆఫ్ అయిందనడం లాంటిది. ఆ దారి తొక్కకు. ఆ డిస్కు మీద స్వాప్ పెట్టుకుంటే దాన్ని ఆపు, తాళం వేసిన భాగం ఉంటే దాన్ని మూసెయ్. అసలు సిస్టం నడిచే డిస్కు జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లకు. కూర్చున్న కొమ్మ అది.

మూడోది ఖాళీ చేయడం. సింక్ అని కొడితే ర్యామ్‌లో నిలవున్నదంతా డిస్కుకు తోలేదాకా ప్రాంప్ట్ తిరిగి రాదు. ఆ ఆలస్యం చూసి కంగారుపడకు. అది సరుకు దిగుతున్న చప్పుడు. ఆ తర్వాత అన్‌మౌంట్. ఇంగ్లీషులో ఆ కమాండులో యు తర్వాత ఎన్ ఉండదు, గుర్తుంచుకో. అన్‌మౌంట్ కూడా తనంతట తాను మిగిలింది తోలుకునే కదులుతుంది. అయినా సింక్ ముందు కొట్టడం నాకు అలవాటు. బ్రేకర్ తీసిన లైనుకే మేం మళ్లీ డిశ్చార్జి రాడ్డు వేస్తాం కదా, అలాంటిదే. ఫైళ్ల కిటికీలో డిస్కు పేరు పక్కనుండే చిన్న బాణం నొక్కినా ఈ పనే అవుతుంది. హడావిడిలో ఉన్న రోజు కనీసం ఆ బాణమన్నా నొక్కు.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. అన్‌మౌంట్ అయిన డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని కెర్నెల్ చేత వదిలించాలి. సిస్ ఫైల్ సిస్టంలో ఆ డిస్కు కింద డిలీట్ అనే ఫైలుంది, దానికి 1 అని రాస్తే చాలు. పేరు చూసి భయపడకు, డిస్కులో ఏదీ చెరిగిపోదు. కెర్నెల్ తన జాబితాలోంచి ఆ డిస్కును తీసేస్తుంది. తీసేముందు రెండు పనులు చేస్తుంది. డిస్కు సొంత ఒళ్లో ఉన్న సరుకును పళ్లెం మీద రాసేయమంటుంది, ఆ తర్వాత తిరగడం ఆపమంటుంది. డీమెసేజ్ చూస్తే "సింక్రనైజింగ్", "స్టాపింగ్ డిస్క్" అన్న వరుసలు కనిపిస్తాయి. అదే నీ ఎల్సీ. ఆ రెండో వరుస చూశాకే చెయ్యి మీట మీద పెట్టు.

పెట్టాక కూడా పది అంకెలు లెక్కపెట్టు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కంటే, సెకనుకి 90 చుట్లు. తిరుగుతున్నదాన్ని చేతిలో పట్టుకుంటే బొంగరంలా మొరాయిస్తుంది, నువ్వొక వైపు తిప్పితే అదొక వైపు లాగుతుంది. చదివే తల పళ్లేనికి వెంట్రుక మందం కూడా లేనంత దగ్గరలో తేలుతూ ఉంటుంది. ఉన్నట్టుండి కరెంటు పోతే, తిరుగుతున్న మోటారే కాసేపు జనరేటరై, ఆ కరెంటుతో తలను పక్కకు లాక్కుంటుంది. కరెంటువాణ్ణి కాబట్టి ఆ ఏర్పాటు నాకు ముచ్చటేస్తుంది. కానీ అది ప్రమాదం వచ్చినప్పుడు వాడే దారి. రోజూ ఆ దారినే నడిపిస్తే డిస్కు అరిగిపోతుంది.

మళ్లీ పెట్టేటప్పుడు పని తేలిక. అరలోకి తోసి మీట మూసేస్తే కెర్నెలే గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే స్కాన్ అనే ఫైలుకి మూడు అడ్డగీతలు రాయాలి. ఏ ఛానెలైనా, ఏ చిరునామా అయినా, ఏ నెంబరైనా సరే వెతుకు అని ఆ మూడు గీతలకు అర్థం. మౌంట్ చేసేది యూయూఐడీతో చేయి, అది తీసి పెట్టినా మారని జన్మ పేరు. ఎఫ్‌స్టాబ్‌లో దానికి నోఫెయిల్ అని చేర్చు. లేకపోతే డిస్కు అరలో లేని రోజు కంప్యూటర్ ఆన్ చేస్తే, దానికోసం తొంభై సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాత నీ మీద అలుగుతుంది. మొత్తం లాప్‌టాప్‌నే బేస్ మీంచి దించాలన్నా వరస ఇదే. ముందు అరలో డిస్కును వదిలించు, ఆ తర్వాతే బేస్. రేపు నువ్వు కొనుక్కోబోయే యూఎస్‌బీ డాకుల్లో మీట ఉండకపోవచ్చు, తీగ ఉంటుంది. తీగ పీకినా వరస మారదు.

ఈ పాత బండి మీద నాకెందుకింత మోజని మీ మావయ్య ఎగతాళి చేస్తుంటాడు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు వాడే నాతో ఉన్నాడు. స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు లినక్స్‌ను తెలుగులో కనిపించేలా చేస్తున్నారని విని, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన నేను ధైర్యం చేశాను. రిటైరయ్యాక ఖాళీ చేతులతో కూర్చోలేక మొదలుపెట్టింది. కానీ లినక్స్‌లో ఒక గుణం నాకు నచ్చింది. లోపల ఏం జరుగుతోందో దాచదు. అడిగితే ప్రతిదీ చెబుతుంది. అడగాల్సింది మాత్రం మనమే.

ఇంకొక్క మాట చెప్పి నీ ఫొటోల సంగతికి వస్తాను. మీ ముత్తాత నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో డ్యాం మీద రాళ్లు మోశాడని నీకు తెలుసు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆలోగా, మునిగిపోయే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొండమీదికీ అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. నిలబెట్టాకే నీళ్లు. నువ్వు డిస్కులో ఫొటోలు తెరిచి చూడకముందే కార్డు ఫార్మాట్ చేశావు. మీట లాగడం కన్నా నాకు బాధనిపించింది అదే. ఒక వస్తువు రెండు చోట్ల కళ్లారా కనిపించేదాకా మూడో చోట చెరపకు.

ఇక ఆశ ఉన్న మాట. ఆ కార్డులో నువ్వు ఆ తర్వాత ఒక్క ఫొటో కూడా తీయలేదన్నావు. అది నిజమైతే కళ్లిపాడు ఇంకా దాంట్లో ఉండొచ్చు. ఎక్కువ కెమెరాలు ఫార్మాట్ చేసినప్పుడు పైన ఉండే జాబితాను మాత్రమే తుడుస్తాయి, లోపలి సరుకును ముట్టవు. కార్డు పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరుపు. కెమెరాలో మళ్లీ పెట్టకు. దూదిలో చుట్టి ఆర్టీసీ పార్సిల్లో మాచర్ల బస్టాండుకి పంపు. ముందు కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టు నా డిస్కులోకి దించుకుని, ఆ నకలు మీద ఫోటోరెక్ నడుపుతాను. ఫ్రాన్సుకు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ప్రోగ్రాం అది, అందరికీ ఉచితం. జాబితాను అది పట్టించుకోదు. ఫొటో ఫైలు ఏ గుర్తుతో మొదలవుతుందో దానికి తెలుసు, ఆ గుర్తు పట్టుకుని ఒక్కొక్కటే ఏరుకొస్తుంది. వస్తాయని హామీ ఇవ్వలేను, వెతుకుతానని మాట ఇస్తున్నాను.

ఇందులో ఒక తమాషా ఉంది చూడు. నీ డిస్కులో పేర్లున్నాయి, సరుకు లేదు. ఫోటోరెక్ ఏరి తెచ్చేవాటిలో సరుకు ఉంటుంది, పేర్లుండవు. వాటికి వట్టి నెంబర్లు పెడుతుంది. ఫొటో లోపల కెమెరా రాసిన టైము ఉంటుంది గనుక ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది. కానీ ఏ ఫొటోలో ఉన్నది ఏ ఊరి ఆచారవంతులో, వాళ్ల చేతుల్లోని కొణతమనే ఆయుధం ఏ వీరుడిదో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. నువ్వు ఆ రోజు అందరినీ అడిగి ఒక్కో ఫైలుకి ఒక్కో పేరు పెట్టావన్నావు. ఆ పేర్లు సున్నా సైజుతో నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి. వాటిని చెరపకు. అవి ఖాళీ సంచులు కావు, వాటి మీదున్న చీటీలు మనకు కావాలి.

వచ్చే ఆదివారం డిస్కు తీసుకుని రా. నువ్వు ఒక్కో ఫొటో తెరువు. మీ అమ్మమ్మ పుట్టిల్లు కారెంపూడి పక్కనే కదా, చిన్నప్పటినుంచీ వీర్లగుడి చూసిన మనిషి. ఆమె చూసి చెబుతుంది, నీ పేర్ల జాబితాలో నేను టిక్కు పెడతాను. ఏదన్నా తేలకపోతే ముగ్గురం కలిసి కారెంపూడి పోయి అడుగుదాం.

వచ్చేముందు ఆ డిస్కును అరలోంచి తీయాలి కదా. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేయి. నువ్వు ఒక్కో మెట్టు చెప్పు, నేను పుస్తకంలో టైము రాసుకుంటాను. "స్టాపింగ్ డిస్క్" అన్న వరుస చదివి వినిపించాక, ఎల్సీ ఇచ్చానని నేను చెబుతాను. అప్పుడు లాగు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తాతయ్య

తా.క.: ఎల్సీ ఇచ్చిన ఫీడరు స్విచ్‌కి సబ్‌స్టేషన్లో ఒక బోర్డు తగిలించేవాళ్లం. అలాంటిదే చిన్న స్టిక్కరు ఒకటి చీటీతో పాటు పెట్టాను. మీట మీద అంటించు. "మనుషులు పనిచేస్తున్నారు" అని రాసి ఉంటుంది. నీ రూమ్మేట్లు నవ్వితే నవ్వనీ.